గోడ మీద మూడో మనిషి

వెంకటదుర్గను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రాస్తే పురోహితుడి భార్య నోట ఇవేం మాటలని మీరు ముక్కున వేలేసుకుంటారు. కానీ తిట్టాను. నడివీధిలో, చేతిలో సున్నపు బకెట్టుతో, గొంతు చిరిగేలా తిట్టాను. ఆ పిల్ల గురించి నాలుగు మాటలు చెప్పాలంటే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

మాది ఏలూరులో ఓ పాత వీధి. ఇటు ఇళ్ళు, అటు మూతబడ్డ బియ్యం గోడౌన్ తాలూకు పొడుగాటి గోడ. ఆ గోడ నిండా సినిమా పోస్టర్లు, ట్యూషన్ ప్రకటనలు, 'ఇచ్చట మూత్రము పోయరాదు' అన్న రాత, సరిగ్గా ఆ రాత కిందే నిలబడి ఆ పని చేసే మహానుభావులు. నిరుడు వేసవిలో ఒక పొద్దున్న తలుపు తీసేసరికి ఎవరో అమ్మాయి చీపురుతో ఆ గోడను రుద్ది రుద్ది కడుగుతోంది. పాతికేళ్ళు కూడా ఉండవు. బక్కపలచటి మనిషి, పంజాబీ డ్రస్సు మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుంది.

"ఎవరమ్మా నువ్వు? మున్సిపాలిటీ వాళ్ళు పంపారా?" అన్నాను.

"కాదండీ. బొమ్మలేస్తానండి. గోడౌన్ వాళ్ళని అడిగితే వేసుకోమన్నారండి."

"ఏం బొమ్మలు? దేవుళ్ళా?"

"మీ వీధేనండి."

మా వీధిలో బొమ్మ వేసేంత ఏముందో నాకు తెలియలేదు. ఎండకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. తర్వాత తర్వాత కాఫీ ఇచ్చే వంకతో ఒక్కొక్కటే రాబట్టాను. కొల్లేటి లంక గ్రామం ఆమెది. నాన్న ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద కాపలా. తను ఇక్కడ వట్లూరులో గది తీసుకుని ఉంటోంది. పని బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపులో, కంప్యూటర్ ముందు. పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిది దాకా మా గోడ, తర్వాత షాపు. షాపులో ఎక్కువగా ఏం ఫ్లెక్సీలు వస్తాయే అని అడిగితే, పుట్టినరోజులవీ చెవులు కుట్టినవీ వస్తాయిగానీ శ్రద్ధాంజలివే ఎక్కువ అంది.

"పోయాక ఆధార్ కార్డు ఫోటో పట్టుకొస్తారండి. అదే పెద్దది చెయ్యమంటారు. ఆ మనిషి నవ్వింది గానీ, పని చేసుకుంటున్నది గానీ ఒక్క ఫోటో ఉండదండి. అందుకని బతికున్నవాళ్ళని వెయ్యాలనిపించిందండి."

మంచి మాటే అనిపించింది అప్పుడు. బొమ్మ మొదలుపెట్టే ముందు వారం రోజులు ఆ పిల్ల చేసిన పని చూడటం ఒక్కటే. మూసేసిన టైలర్ షాపు మెట్ల మీద మోకాళ్ళు దగ్గరకు తీసుకుని కూర్చుని, కన్నార్పకుండా వీధిని చూసేది. పాల ప్యాకెట్ల వాడు, గ్యాసు బండల ఆటో, స్కూలు పిల్లలు, మా కుంటికుక్క. "ఏమిటే ఆ చూపు, మా వీధికి దిష్టి తగిలేలా ఉంది" అని నేను వేళాకోళం చేసేదాన్ని. నవ్వేది. ఆ మాట నేనే అన్నానని తర్వాత ఎంత ఏడ్చానో చెప్పలేను.

మొదట ఇస్త్రీ సత్తిబాబును వేసింది, నిలువెత్తు. బండి, బొగ్గుల పెట్టె, దులిపి పెట్టిన దుప్పటి అన్నీ ఉన్నాయి. సత్తిబాబు చొక్కా గుండీలు విప్పుకుని, నీళ్ళ సీసా నోటికెత్తుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర ఇంకో రెండు ఖాళీ సీసాలు. వీధి వీధంతా మూగి చూశాం. "ఒరే, నీకు బీరు పట్టించిందిరా" అని ఆటోల వాళ్ళు ఏడిపిస్తే సత్తిబాబు సిగ్గుపడిపోయాడు. అతని భార్య నాగమణి తెచ్చి చూపించని చుట్టం లేదు. బొమ్మ పూర్తయిన తొమ్మిదో రోజున బండి దగ్గరే కూలబడి సత్తిబాబు పోయాడు.

పాపం అనుకున్నాం. అంతే, అంతకు మించి ఎవరికీ ఏమీ తోచలేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేసిందీ వెంకటదుర్గే. ఆధార్ ఫోటో కాకుండా గోడ మీద తను వేసిన మొహమే దింపి పెట్టింది. గోడ మీద సత్తిబాబు, ఎదురు కరెంటు స్తంభానికి సత్తిబాబు. నాగమణి గోడకు రెండు మేకులు కొట్టి రోజూ బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించేది.

రెండో బొమ్మ రాజరత్నం మాస్టారిది. రిటైరైన డ్రిల్లు మాస్టారు, మా పక్కింటాయన. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు, చెప్పులు పక్కన విప్పి పెట్టుకున్నట్టు వేసింది. "చదువంటే ఎంత గౌరవమో చూడండి, పేపరు చదవాలన్నా చెప్పులు విప్పుతారు" అని నేనే అందరికీ చెప్పాను. తెలివి ఒలకబోశాను.

మూడోది మా ఆయన.

మా ఆయన భీమశంకరం గారు అరవై తొమ్మిదేళ్ళ మనిషి. శ్రావణమాసం వస్తే ఇంట్లో కాలు నిలవదు, రోజుకు నాలుగైదు ఇళ్ళలో వ్రతాలు. గోడ మీద ఆయన కరెంటు స్తంభానికి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డారు. సంచీ నేల మీద ఉంది. రెండో చెయ్యి దవడ కింద. మొహం ఆకాశం వైపు. ఆ అంగవస్త్రం మడత, చెవి మీద వెంట్రుకలతో సహా దిగిపోయారు. "ముహూర్తం గుణిస్తున్నారు పంతులుగారు!" అన్నారు చూసినవాళ్ళంతా. అవునవును, ఇంట్లోనూ ఇంతే, వేళ్ళు మడుస్తూ పైకి చూస్తారు అని నేను మురిసిపోయాను. ఆయన మాత్రం ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు. బొమ్మ పూర్తయింది గురువారం. శనివారం ఉదయం రాజరత్నం మాస్టారు నిద్రలోనే పోయారు. మాస్టారి బొమ్మ పూర్తయి అప్పటికి పన్నెండు రోజులు.

మాస్టారి ఇంటి ముందు జనం నిలబడి ఉండగా ఎవరో గొంతు తగ్గించి అన్నారు, "సత్తిబాబు... మాస్టారు..." అని. అని నా వైపు చూసి ఠక్కున ఆగిపోయారు.

ఒక్కసారి ఆలోచించండి. మా వైపు మామూలు మనిషి మొహం వీధిలో నిలువెత్తున కనబడేది ఎప్పుడు? కుర్రవాళ్ళ పుట్టినరోజుల మాట వదిలేయండి. ఒక వయసు దాటినవాళ్ళ బొమ్మ వీధికెక్కిందంటే ఆ మనిషి లేడనే. దేవుడి దగ్గర దీపం పెట్టినంత సహజంగా మా అందరికీ తెలిసిన ఆ సంగతి, బొమ్మలు వేస్తుంటే ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు గోడ మీద వరసగా ముగ్గురు. ఇద్దరికి దండలు. మూడో ఆయన ఇంకా నా వంటింట్లో కూర్చుని మజ్జిగ పులుసు పోసుకుంటున్నారు.

ఆ రోజు నుంచి, ఆయన బొమ్మ పూర్తయిన గురువారం మొదలుకుని రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సత్తిబాబుకు తొమ్మిది, మాస్టారికి పన్నెండు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వేలికి ఊపిరి తగిలితే లేచి పని చూసుకునేదాన్ని, మళ్ళీ పది నిమిషాలకు వచ్చేదాన్ని. గిన్నె జారిపడినా పై ప్రాణాలు పైనే పోయేవి.

"ఏవండీ, శాంతి ఏమైనా ఉంటుందాండీ దీనికి?" అని ఐదో రోజున అడిగేశాను. ఊళ్ళో అందరికీ ఏ దోషానికి ఏం చెయ్యాలో చెప్పే మనిషి కదా.

"గోడ మీద రంగుకి శాంతేమిటే, పిచ్చిదానా" అని నవ్వారు. నవ్వారేగానీ ఆ గోడ వైపు వెళ్ళడం మానేశారు. వెనక సందు గుండా చుట్టు తిరిగి పోతున్నారు. పూజ గదిలో మృత్యుంజయం జపించడం నా చెవిన పడింది. ఈయనా భయపడుతున్నారన్నమాట అనుకున్నాను. ఇంట్లో ధైర్యం చెప్పాల్సిన మనిషే భయపడితే నేనెవరితో చెప్పుకోను?

చెరిపించేద్దామంటే ఎవరు చెరుపుతారు? సున్నాలు వేసేవాణ్ణి పిలిచాను. గోడ దాకా వచ్చి, బొమ్మ చూసి, "బతికున్న మనిషి మొహం మీద సున్నం కొట్టమంటారేంటమ్మా, నావల్ల కాదండి" అని సైకిలెక్కాడు. రెండోవాడు అడిగిన డబ్బు రెట్టింపు ఇస్తానన్నా రానన్నాడు. ఉంచితే ఆయన పోతారని భయం, చెరిపితే నా చేత్తో నేనే పంపినట్టవుతుందని భయం. వెంకటదుర్గ కూడా ఆ వారం గోడ దగ్గరకు రాలేదు. మాస్టారి ఇంటివాళ్ళు కేకలేశారట.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కరివేపాకు కోసం గేటు దాకా వచ్చాను. ఎదురుగా గోడ మీద మా ఆయన మెడలో బంతిపూల దండ.

ఎలా అరిచానో నాకు తెలియదు. నాగమణి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ ఊరి నుంచి వచ్చిన మేనమామ, గోడ మీద ముగ్గుర్నీ చూసి ముగ్గురూ పోయారనుకుని, మూడు దండలు కొనుక్కొచ్చి పద్ధతిగా వేసి దండం పెట్టుకున్నాడట. ఆ ముసలాయన నా ఎదుట నిలబడి చేతులు జోడించి, "తెలీదమ్మా, తెలీక చేశానమ్మా" అన్నాడు. నేను దండ లాగి కాలవలో పడేశాను. ఇంట్లోకి పోయి పండక్కి తెచ్చిన సున్నం బకెట్టులో కలిపాను. కుంచె పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను.

చెయ్యి లేవలేదండీ. ముంచాను, ఎత్తాను, ఆయన నుదుటి మీద విభూతి రేఖల దాకా వెళ్ళింది కుంచె. అక్కడ ఆగిపోయింది. ఆ బొట్టు చెరిపితే నా బొట్టు చెరిపినట్టే అనిపించింది. సున్నం మోచేతి దాకా కారుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడే వెంకటదుర్గ స్కూటీ దిగింది. అప్పుడు తిట్టాను. కొల్లేటి నుంచి మా కొంప ముంచడానికి వచ్చావా అన్నాను, ఇంకా చాలా అన్నాను.

ఆ పిల్ల అంతా విని, నా చేతిలో కుంచె తీసుకుని బకెట్టులో పెట్టింది.

"పంతులుగారు ఎలా ఉన్నారండి?" అంది.

"ఎలా ఉంటారు? నువ్వు వేశాక ఇంకెలా ఉంటారు?"

"అమ్మగారండీ, నేను వెయ్యడం వల్ల కాదండి. బాగోలేనివాళ్ళనే ముందు వేశానండి."

నాకు అర్థం కాలేదు. అరుగు మీద కూలబడ్డాను. ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర కింద కూర్చుని, తల ఎత్తకుండా చెప్పింది.

చిన్నప్పుడు మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారకముందే వాళ్ళ నాన్న ఆమెను చెరువు గట్టు మీద కూర్చోబెట్టేవాడట. నీళ్ళలో గాలి చాలకపోతే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ముందు ఒకటో రెండో తేలతాయి. అది కనిపెట్టి కేక వేస్తే నీళ్ళలోకి గాలి కొట్టే మోటర్లు వేసి బతికించుకోవచ్చు. ఒక్క అరగంట చూడకపోతే చెరువంతా పోతుంది. "ఒకనాడు గట్టు మీద మట్టిలో పుల్లతో బొమ్మ గీసుకుంటూ ఉండిపోయానండి. తలెత్తేసరికి చెరువంతా తెల్లగా తేలిపోయిందండి. శీలావతులూ బొచ్చెలూ అన్నీ. మా నాన్నని పనిలోంచి తీసేశారండి. ఆయన నన్ను ఒక్క మాటనలేదండి. అప్పట్నించీ నాకు చూడకుండా ఉండాలంటే భయమండి."

"ఇప్పుడదంతా ఎందుకే?"

"సత్తిబాబుగారు గంటకి మూడు సీసాల నీళ్ళు తాగేవారండి. చెమటకి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవారండి. నీడలో ఉన్నా అంతేనండి. నాగమణిగారికి చెప్పానండి, ఒకసారి డాక్టరుకి చూపించండి అని. 'శుభమా అని బేరం మొదలెట్టే వేళ ఏం నోరే నీది' అని నా మీద నీళ్ళు కొట్టారండి. ఇంక నోటితో చెప్పడం మానేశానండి. ఉన్నదున్నట్టు వేస్తే ఇంట్లోవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నానండి. మాస్టారి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టేవి కాదండి. అందుకే విప్పి పక్కన పెట్టుకునేవారండి."

ఆ పిల్ల తలెత్తి గోడ వైపు చూసింది.

"పంతులుగారు ముహూర్తం చూడట్లేదండి. నొప్పి తగ్గేదాకా ఆగుతున్నారండి."

గోడ మీద ఆయన్ను చూశాను. ఎనిమిది రోజులుగా చూస్తున్న బొమ్మే. దవడ కింద నొక్కుకున్న వేళ్ళు. స్తంభానికి చెయ్యి ఆనించలేదు, దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఎంత గుడ్డిదాన్ని నేను! నలభై మూడేళ్ళు కాపురం చేశాను. ఆయన అన్నం ఎంత తిన్నారో చూశాను, పంచెకు మరక అంటిందేమో చూశాను, ఊపిరి ఉందో లేదో కూడా వేలు పెట్టి చూశాను. మొహం చూడలేదు.

ఇంట్లోకి పరిగెత్తాను. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. "నొప్పి ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నాను.

"ఏం నొప్పి?" అన్నారు. నా చేతుల నిండా సున్నం చూశారు. "గ్యాసే. శ్రావణమాసం అయ్యాక చూపించుకుందామని," అన్నారు. గోడ మీద తన బొమ్మను చూసి ఎందుకు పారిపోయారో అప్పుడు తెలిసింది. ఆయన ఇన్నాళ్ళూ దాచింది ఆ పిల్ల వీధిలో పెట్టేసింది.

వెంకటదుర్గే ఆటో పిలిచింది. గుండె ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మాయి పరీక్ష చేసింది. ఈసీజీ కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఇందులో పెద్ద తేడా కనబడట్లేదండీ. ఆయన గ్యాసంటున్నారు. పంపించెయ్యనా, అడ్మిట్ చెయ్యనా అన్నది మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది? ఎంత దూరం నడిస్తే వస్తోంది? ఆ దూరం తగ్గుతూ వస్తోందా?"

పక్క గదిలోంచి ఆయన, "ఏమీ లేదమ్మా, మా ఆవిడ కంగారు" అంటున్నారు. వరండాలోకి వచ్చి వెంకటదుర్గకు ఫోను చేశాను. బొమ్మలకు ముందు చూసినదంతా తేదీలు వేసి పుస్తకంలో రాసి పెట్టుకుంటానని ఆ పిల్ల మమ్మల్ని ఆటో ఎక్కించేటప్పుడే చెప్పింది.

"ఒక్క నిమిషమండి... జూన్ నాలుగు. మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఒకసారి ఆగారండి. రాసుకుంటున్నారాండి?"

మందుల చీటీ వెనక రాస్తున్నాను. నా మొగుడి జబ్బు నాకు ఎవరో చెప్తుంటే రాసుకుంటున్నాను.

"జూన్ ఇరవై. రెండు సార్లండి. సంచీ ఎడమ భుజం మీంచి కుడికి మార్చారండి. జూలై పదకొండు, మూడు సార్లు. దవడ పట్టుకోవడం ఆ రోజే మొదలండి. జూలై ముప్ఫై, మీ గేటు దాటగానే ఆగిపోయారండి. అడుగులు లెక్కపెట్టాను, పద్దెనిమిదండి."

"ఇంకా?"

"ఉందిగానీ అది డాక్టరుగారికి అక్కర్లేదేమోనండి."

"చెప్పవే!"

"ఆగస్టు రెండండి. స్తంభం పట్టుకుని మీ ఇంటి వైపు తిరిగారండి. మీరు గుమ్మంలో ఫోను మాట్లాడుతున్నారండి. చెయ్యెత్తి పిలిచారండి. మీరు చూడలేదండి. కాసేపుండి చెయ్యి దింపేసుకున్నారండి."

అది కూడా రాశాను. చీటీ తీసుకుని డాక్టరమ్మాయి పై నుంచి కింద దాకా చదివింది. చివరి వాక్యం దగ్గర ఒకసారి నా మొహం చూసింది. చక్రాల కుర్చీ తెమ్మని నర్సును కేకేసింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్ళారు. రెండు రక్తనాళాలు మూసుకుపోవడానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయన్నారు. ఇంటికి తీసుకుపోయి ఉంటే రెండు రోజులు కూడా గడిచేవి కావన్నారు. ఆ తలుపు ముందు బెంచీ మీద నేను, ఫోను పెట్టేయగానే బయల్దేరి వచ్చిన వెంకటదుర్గ కూర్చున్నాం. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నాను.

మనిషి దక్కాడు. మర్నాడు పది గంటలకు నన్ను లోపలికి పంపారు. గొట్టాల మధ్య ఆయన చిన్నగా కనిపించారు. ఏమైనా కావాలా, మంచినీళ్ళు తాగుతారా అని అడగాలనుకుని వేరేదే అడిగాను.

"ఆ వేళ స్తంభం దగ్గర నుంచి నన్నెందుకు పిలిచారండీ?"

ఎవరు చెప్పారని అడగలేదాయన. కళ్ళు మూసుకుని తెరిచారు. ఊరందరికీ భయపడకండి, నేనున్నానుగా అని చెప్పే ఆ గొంతు ఎంత చిన్నదైపోయిందో.

"భయమేసిందే," అన్నారు.